పంది యొకరిది, పెంపక మొకరిది

అమెరికా సంయుక్తరాష్ట్రములలో, ఉత్తర కెరొలైనా రాష్ట్రపు తూర్పుభాగమున, డూప్లిన్ అను కౌంటీ యొకటి కలదు. కౌంటీ యనగా మన తాలూకాకును జిల్లాకును నడుమ నుండు పాలనాభాగమని పాఠకులు గ్రహింతురుగాక. 2020వ సంవత్సరపు జనాభాలెక్కల ప్రకారము అచ్చటి మనుష్యులు సుమారు 49,000. పందులు ఇంచుమించుగా ఇరువది లక్షలు. మనిషి యొక్కనికి నలువది పందులన్నమాట. ఆ దేశమున పందుల సంఖ్యలో మొదటి రెండు స్థానములును ఈ కౌంటీకిని, దీనికి పొరుగుననున్న శాంప్సన్ కౌంటీకిని వచ్చుచుండును. కోళ్లకును టర్కీకోళ్లకును లెక్కలేదు. ఆ కౌంటీలోని రోజ్‌హిల్ అను చిన్న పట్టణమున, లోకములోనెల్ల పెద్దదని యచ్చటివారు చెప్పుకొను వేపుడు మూకుడొకటి 1963 నుండి యున్నది. కోళ్లను వేయించుటకే దానిని చేయించిరి. ఏ యూరివారి గర్వము ఆ యూరివారిది.

2020లో కరోనా మహమ్మారి వచ్చినప్పుడు ఆ దేశప్రభుత్వము వ్యవసాయదారులకు సాహాయ్యముగా పంచిన ధనము, ఈ యొక్క పథకము క్రిందనే, మూడువేల కోట్ల డాలర్లకు మించినది. అంతటి ధనము ప్రవహించుచుండగా, పందులకును కోళ్లకును ప్రసిద్ధికెక్కిన డూప్లిన్ వంటి కౌంటీలలో రేయింబవళ్లు వానిని మేపి పెంచినవారిలో అత్యధికులకు, ఆ పెంపకము నిమిత్తమై, ఆ సంవత్సరమున ఒక్క డాలరైనను చేరలేదు. ఇది యే గుమాస్తా పొరపాటునను జరిగినది కాదు. నిబంధనలను వ్రాసినవారు ఎఱిగియే వ్రాసిరి. ప్రభుత్వము “రైతు” అని యెవ్వరిని పిలుచును, ఎవ్వరిని పిలువదు అను ప్రశ్న దీనియందు దాగియున్నది. భూమిగల మన పాఠకులకు ఈ ప్రశ్న దూరదేశపు వింతగా తోచకుండుగాక యని కోరుచు, ఆ కథను కొంత వివరముగా చెప్పబూనితిమి.

ముందుగా ఆపద యెట్టిదో తెలియవలయును. వరి, మొక్కజొన్న మొదలగు గింజలను గాదెలో పోసి నాలుగు నెలలు వేచియుండవచ్చును. పంది వేచియుండదు. పుట్టిన ఆఱు నెలలకు అది కబేళాకు పోవలసినంత బరువెక్కును. ఆ దినమున పోకున్నచో ఇంకను బలియును, మేత తినును, కొట్టములో స్థలము నాక్రమించును. వెనుకనే వచ్చుచున్న పిల్లలకు చోటుండదు. 2020 ఏప్రిలు 12వ తేదీన దక్షిణ డకోటాలోని సూఫాల్స్ పట్టణమున స్మిత్‌ఫీల్డు కంపెనీవారు తమ పెద్ద కబేళాను మూసివేయుచున్నామని ప్రకటించిరి. పనివారిలో వందలకొలది మందికి వ్యాధి సోకియుండెను. ఒకదాని వెంట నొకటిగా మఱికొన్ని కబేళాలు మూతబడినవి. అయోవా, మినెసోటా రాష్ట్రములలో కొనువారు లేక, నిలుపుకొను చోటు లేక, బలిసిన పందులను వేలకొలదిగా చంపి పూడ్చిపెట్టిరి. పాఠశాలలును హోటళ్లును మూతబడుటచే పాలు నేలపాలాయెను. నగరములలో మాత్రము ఆహారమునకై దానసత్రముల ముందు మోటారుబండ్లు మైళ్ల పొడవున నిలిచియుండెను. ఒకచోట తినువారు లేక పాఱబోయుట, ఒకచోట తినుటకు లేక పడిగాపులు గాచుట! ఏప్రిలు 28వ తేదీన అధ్యక్షుడు ట్రంపు మాంసపు కర్మాగారములను తెరచియుంచవలసినదిగా రక్షణోత్పత్తి చట్టము క్రింద ఉత్తర్వు నిచ్చిరి.

అంతకుముందే, మార్చి 27న సంతకమైన కేర్స్ చట్టము వ్యవసాయమంత్రి చేతికి 950 కోట్ల డాలర్లను ఇచ్చియుండెను. ఏప్రిలు 17న మంత్రి సోనీ పెర్డ్యూ 1,900 కోట్ల డాలర్ల పథకమును ప్రకటించిరి. అందులో 300 కోట్లతో పాలు, మాంసము, కూరగాయలు కొని పేదలకు పెట్టెలలో పంచుట; తక్కిన 1,600 కోట్లు నేరుగా రైతుల చేతికిచ్చుట. ఈ 1,600 కోట్లలో 950 కోట్లు పైచట్టము నుండి, 650 కోట్లు 1933లో రూజ్‌వెల్టు కాలమున పుట్టిన కమ్మోడిటీ క్రెడిట్ కార్పొరేషను నిధినుండి వచ్చినవి. దరఖాస్తులు మే 26న మొదలై సెప్టెంబరు 11 వరకు సాగినవి. సెప్టెంబరు 17న, అధ్యక్షుని యెన్నికకు ఏడు వారములు కూడ లేని సమయమున, ట్రంపుగారు విస్కాన్సిన్ రాష్ట్రపు బహిరంగసభలో 1,300 కోట్లకు పైబడిన రెండవ విడతను ప్రకటించిరి. ఎన్నికలకును కానుకలకును గల చుట్టఱికము ఒక్క మన దేశపు సొత్తు కాదు.

న్యాయము చెప్పవలసివచ్చినచో, ఆ వ్యవసాయశాఖ చూపిన వేగము మెచ్చదగినది. దేశమంతట రెండువేలకు పైగా నున్న కౌంటీ కార్యాలయములు తలుపులు మూసికొనియుండగనే, టెలిఫోనులోను ఎలక్ట్రానిక్ ఉత్తరములలోను దరఖాస్తులు తీసికొనిరి. దరఖాస్తు కొద్ది పుటలది. రైతు తన పశువుల సంఖ్యను, తన పంటపరిమాణమును తానే ధ్రువపఱచి సంతకము చేసిన చాలును. సాక్ష్యపత్రములను తరువాత నడిగినప్పుడు చూపవచ్చును. పరీక్షలు పూర్తియగునందాక సొమ్మును బిగబట్టియుంచినచో కొట్టములు ఎత్తిపోయెడివి. మొదటి విడతలో ఎనుబదివంతులు తొలుతనే యిచ్చి, ఇరువదివంతులు నిధి చాలునో చాలదో చూచి తరువాత నిచ్చిరి. ఇంతవఱకు తప్పుపట్టుటకేమియు లేదు.

తప్పు లెక్కకట్టిన తీరులో నున్నది. ప్రతి వస్తువునకు ఒక ధర కట్టిరి. 2020 జనవరి 15 మొదలు ఏప్రిలు 15 వరకు అమ్మిన పందులలో 120 పౌనులకు తక్కువ బరువుగల దానికి 28 డాలర్లు, అంతకెక్కువదానికి 18 డాలర్లు. ఏప్రిలు 16 మొదలు మే 14 వరకు మందలో నున్న పందికి, అమ్మినను అమ్మకున్నను, 17 డాలర్లు. బలిసిన ఎద్దునకు 214 డాలర్లు. పాలకు మొదటి మూడు నెలల యుత్పత్తిపై నూరు పౌనులకు 4 డాలర్ల 71 సెంట్లును, ఆపై మఱికొంతయు. రెండవ విడతలో పందికి 23 డాలర్లు. మనిషి యొక్కనికి, లేక సంస్థ యొక్కదానికి, విడతకు రెండున్నర లక్షల డాలర్ల హద్దు పెట్టిరి. అయితే వాటాదారులు ముగ్గురు ఏడాదికి 400 గంటల చొప్పున పొలముపనియో పెత్తనమో చేయుచున్నచో ఆ సంస్థ ఏడున్నర లక్షల వఱకు పొందవచ్చును.

ఒక ఉదాహరణమును ఊహింతము. ఒకాయనకు తన సొంతపందులు కలవు. ఆయన చలికాలపు చివరలో 5,000 బలిసిన పందులను అమ్మెను; వసంతమున 5,000 మందలో నుంచుకొనెను. మొదటి లెక్కకు 90,000, రెండవ లెక్కకు 85,000, రెండవ విడతకు ఆ 5,000 పందులపై 1,15,000. వెరసి 2,90,000 డాలర్లు. ఆయనకు రెండుమైళ్ల దూరమున మఱియొకాయన కలడు. అవే 5,000 పందులు, అట్టి కొట్టములే, అదే దుర్వాసన, అదే తెల్లవారుజామున లేచుట, అదే చచ్చినవానిని ఏరిపాఱవేయుట. కాని పందులు కంపెనీవి. ఆయనకు లెక్క సున్న. పథకపు నిబంధన యొక్క మాటతో ఆయనను తోసివేసినది: పశువునందు యాజమాన్యమును, ధరపడిపోవుటవలన నష్టమును భరించువాడే అర్హుడు; కంట్రాక్టుకు పెంచువాడు అర్హుడు కాడు. మాంసపుకోళ్ల విషయమున మొదటి విడతలో ఎవ్వరికి నేమియు లేదు. రెండవదానిలో సొంతకోళ్లవారిని చేర్చి, కంట్రాక్టువారిని మరల వెలుపలనే నిలిపిరి. ఆ దేశపు మాంసపుకోళ్లలో దాదాపుగా అన్నియు కంట్రాక్టు పెంపకమువే యగుటచే, ఈ చేర్పు ఎవ్వరి యాకలి తీర్చినదో చెప్పనక్కఱలేదు.

ఈ కంట్రాక్టు పద్ధతి డూప్లిన్ కౌంటీ నేలలోనే పందులపెంపకమునకు వేళ్లూనినది. రోజ్‌హిల్‌లో మేతమిల్లు నడుపుచుండిన మర్ఫీ కుటుంబమువారు తమ పందులను చుట్టుపట్ల రైతులకు పెంపకమున కిచ్చుట 1970 ప్రాంతములనుండి విస్తరింపజేసిరి. పొగాకు ధరలు నానాట దిగజారుచుండగా, ఇంటిపట్టున నెలనెల కాసులు రాలు మార్గమని రైతులు ఉత్సాహముతో చేరిరి. ఆ కంపెనీ యధిపతి రాష్ట్రశాసనసభలో పలుసంవత్సరములు సభ్యుడుగా కూడ నుండెను. 1992లో సమీపముననున్న బ్లేడెన్ కౌంటీలో, టార్‌హీల్ అనుచోట, లోకమున మిక్కిలి పెద్దదైన పందుల కబేళా తెరవబడెను. దినమునకు ముప్పదివేల పందులను కోయగలది. 2000వ సంవత్సరమున మర్ఫీ సంస్థ స్మిత్‌ఫీల్డులో కలిసిపోయినది. 2013లో ఆ స్మిత్‌ఫీల్డునే చైనాకు చెందిన సంస్థ, నేటి డబ్ల్యు.హెచ్. గ్రూపు, కొనివేసెను. ఈ నడుమ నలుబది యేండ్లలో డూప్లిన్ రైతు తన పొలము నెచటికిని కదలింపలేదు. ఆయనపై యజమాని మాత్రము రోజ్‌హిల్ నుండి వర్జీనియాకును, వర్జీనియా నుండి చైనాకును మాఱుచు పోయెను.

ఒడంబడికయందలి పంపకమును చూడుడు. పందిపిల్లలు, మేత, మందు, వైద్యుడు, రవాణా, ఇవి కంపెనీవి. నేల, కొట్టములు, వానికై బ్యాంకులో తెచ్చిన అప్పు, విద్యుచ్ఛక్తి, నీరు, కూలి, చచ్చిన పశువులు, పెంట, ఆ పెంట నిలువచేయు చెఱువు, ఇవి పెంచువానివి. కొట్టములు పందులకో కోళ్లకో తప్ప మఱిదేనికిని పనికిరావు. వానిపై అప్పు పది పదునైదేండ్లకు వాయిదాలు కట్టబడియుండును. ఒడంబడికయో చాలచోట్ల అంతకాలము నడవదు. కోళ్లపెంపకమున మఱియొక చిత్రము కలదు. ఒకే వారములో కోళ్లను దింపిన పెంపకందార్ల నందఱను వరుసపెట్టి, తక్కువ మేతతో ఎక్కువ బరువు తెచ్చినవానికి కిలోకు హెచ్చు, వెనుకబడినవానికి తగ్గు ఇత్తురు. కోడిపిల్లను కంపెనీయే యిచ్చును, మేతను కంపెనీయే యిచ్చును. పందెములో గెలుపోటములు మాత్రము రైతువి.

మన పల్లెలలో గొఱ్ఱెలను, దూడలను పాలుకిచ్చు ఆచారము కలదు. పెంచినవానికి పుట్టినదానిలో పాలుండును. మంద పెరిగినకొలది వాడును పెరుగును. డూప్లిన్‌లోని ఒడంబడికలో ఆపాటి పాలును లేదు. అది పెంపకపు కూలి మాత్రమే. కాని ఆ కూలివాడే కొట్టములకు లక్షల డాలర్లు అప్పుపడియుండును. పేరునకు స్వతంత్రరైతు.

ప్రభుత్వశాఖవారి వాదమును కూడ వినవలయును. ధర పడిపోయినప్పుడు నష్టపోవువాడు సరకుగలవాడు. పెంపకందారునకు ధరతో నిమిత్తము లేదు, అతనికి కిలోకింత యనియో, కొట్టములోని చోటుకింత యనియో కంపెనీ యిచ్చుచునే యుండును. కనుక అతడు నష్టపడలేదు, ఇదియే వాదము. ఇందు కొంత నిజము కలదు. పందుల ఒడంబడికలలో కొన్ని, పశువులున్నను లేకున్నను, చోటునకింత యని ఏటికేడు చెల్లించునవి. అట్టివారికి బాధ తక్కువ. కాని కోళ్లరైతునకు, బరువునుబట్టి కూలిగొను పందుల రైతునకు, బ్యాచి రాకున్నచో కూలి రాదు. కబేళాలు మూతబడినప్పుడు కంపెనీలు చేసిన మొదటి పని యేమనగా, కొత్త పిల్లలను దింపుట తగ్గించుట, రెండు బ్యాచీల నడుమ ఎడమును పెంచుట. ఏడాదికి ఆఱు బ్యాచీలు పెంచువానికి ఐదే వచ్చినచో ఆదాయములో ఆఱవవంతు పోయినట్లే. బ్యాంకువాయిదా మాత్రము ఆఱింటికి కట్టవలసినదే. ధరయొక్క నష్టమును ప్రభుత్వము చూచినది. పని పోయినందున కలిగిన నష్టమును చూడలేదు. సరకు ధరను కొలుచు కొలబద్దతో కష్టమును కొలువబోయిన ఫలమిది.

2020 డిసెంబరు 27న సంతకమైన చట్టములో అమెరికా కాంగ్రెసు ఈ పొరపాటును గుర్తించి, కంట్రాక్టు పెంపకందార్ల కొఱకు నూరు కోట్ల డాలర్ల వఱకు వినియోగింపవచ్చునని వ్రాసినది. మఱుసటి జనవరిలో ప్రభుత్వము మాఱెను. కొత్తవారు పాతవారి యుత్తర్వులను నిలిపి పునఃపరిశీలింపసాగిరి. పెంపకందార్లకు తుదివివరములు 2021 ఆగస్టు 24న గాని వెలువడలేదు. దరఖాస్తుల గడువు అక్టోబరు 12. 2020లో వచ్చిన కూలిని 2018లోనో 2019లోనో వచ్చినదానితో పోల్చి, తగ్గినదానిలో ఎనుబదివంతులు ఇత్తురు. నిధి చాలకున్నచో దామాషాగా తగ్గింతురు. పంది గలవాడు తలకింత యని లెక్కకట్టి పుచ్చుకొనెను. తనకు నిజముగా నష్టము కలిగినదని ఖాతాలు చూపవలసిన యవసరము ఆయనకు లేకపోయెను. పెంచినవాడు మాత్రము రెండు సంవత్సరముల ఖాతాలను ఎదురెదురుగ పెట్టి నష్టమును నిరూపింపవలసివచ్చెను. పైగా మొదటివానికి 2020 వేసవిలో చేరిన ధనము రెండవవానికి చేరునప్పటికి ఏడాదికి పైబడెను. ఈలోగా చంపి పూడ్చిన పశువులకు బజారు ధరలో ఎనుబదివంతులిచ్చు వేఱొక పథకము 2021 జూలైలో వచ్చినది. అదియు పశువు గలవానికే. ఆ పశువును చంపుటకు కొట్టము తలుపు తెరచి చూచినవానికి కాదు.

ఇచ్చట డూప్లిన్ కథలో మఱియొక పాయ కలియుచున్నది. ఆ తూర్పు కెరొలైనా ప్రాంతమున నల్లవారు తరతరములుగా వ్యవసాయము చేయుచున్నారు. 1920లో దేశమంతట నల్లరైతులు తొమ్మిది లక్షలకు పైగా నుండిరి. 2017 వ్యవసాయగణనలో వారు ఏబదివేలకు లోపు. అంతమంది యెట్లు కరగిపోయిరని అడిగినచో, చెప్పబడు కారణములలో కౌంటీ సంఘములు ముఖ్యమైనవి. వ్యవసాయశాఖవారి ధనమును, అప్పులను, కౌంటీలోని రైతులెన్నుకొన్న సంఘములు పర్యవేక్షించుచుండెను. చూచుటకు ప్రజాస్వామ్యమే, కాని ఓట్లు గలవారు తెల్ల భూస్వాములగుటచే విత్తనము వేయవలసిన నెలలో తెల్లవానికి చేరిన అప్పు నల్లవానికి కోతనాటికి గాని చేరకపోవుట పరిపాటి యయ్యెను. ఈ యన్యాయముపై దావా వేసిన తిమోతి పిగ్‌ఫర్డు ఈ తూర్పు కెరొలైనా ప్రాంతపు రైతే. 1999లో న్యాయస్థానమున రాజీ కుదిరి నూరు కోట్ల డాలర్లకు మించిన పరిహారము, 2010లో రెండవమాఱు 125 కోట్లు, ప్రభుత్వము ఒప్పుకొనవలసివచ్చెను. వీలునామా లేక తాతల నాటినుండి వారసులందఱి పేర ఉమ్మడిగా నిలిచిపోయిన భూములు నల్లవారిలో అధికము. పట్టా సరిగ లేనివానికి ఫారమునంబరు రాదు, నంబరు లేనివానికి శాఖ తలుపు తెరువదు. 2018 వ్యవసాయచట్టము వేఱు పత్రములతో నంబరు పొందు వీలు కల్పించినది గాని అప్పటికే మించిపోయిన కాలము మించిపోయినది.

మహమ్మారి సాహాయ్యములో వీరి వంతెంత? 2021 మార్చిలో కొత్త వ్యవసాయమంత్రి టాం విల్సాక్ స్వయముగా చెప్పినది: గత ప్రభుత్వము రైతులకు పంచిన కరోనా ధనములో నల్లవారికి చేరినది శాతములో పదవవంతు. నూటికి పది పైసలు! ఆ దేశపు రైతులలో వారు నూటికొకరికి పైగా కలరు. ఇందులకు ఇప్పటి గుమాస్తాల పక్షపాతమే కారణమని యనుట సులభము. అది పూర్తి సమాధానము కాదు. తలకింత, గంపకింత యని పంచు ధనము తలలు, గంపలు ఎక్కువ యున్నచోటికే పోవును. నూఱేండ్లుగా భూమిని, మందను, అప్పును పోగొట్టుకొనుచు వచ్చినవాడు ఆ పట్టికలో సహజముగనే అడుగున నుండును. పాత యన్యాయమును కొత్త లెక్క తెలియకయే మరల వ్రాసికొన్నది. దానిని సరిదిద్దుటకు 2021 మార్చి చట్టములో నల్లరైతులు మొదలగువారి ప్రభుత్వపు అప్పులను రద్దుచేయుటకు సుమారు 400 కోట్ల డాలర్లు కేటాయించిరి; వర్ణమునుబట్టి సాహాయ్యము సమానత్వమునకు విరుద్ధమని తెల్లరైతులు దావాలు వేయగా జూన్ నెలలోనే న్యాయస్థానములు ఆపివేసెను; 2022 ఆగస్టులో కాంగ్రెసే ఆ సెక్షనును తీసివేసెను. దాని స్థానమున వివక్షకు గుఱియైనవారికి పరిహారమిచ్చు మఱియొక యేర్పాటు జరిగి, 2024 జూలై చివర నలుబదిమూడువేలమందికి సుమారు 200 కోట్లు పంచిరి. అందుకొన్నవారిలో వృద్ధులు పెక్కురు.

కబేళాలలో కోతబల్లల వద్దను, తోటలలో చిలగడదుంపలు త్రవ్వుచోటను నిలిచి పనిచేసినవారి మాటయేమి? ఆ రాష్ట్రము చిలగడదుంపలలో దేశమునకెల్ల మొదటిది; త్రవ్వుచేతులు మెక్సికో, మధ్య అమెరికాలనుండి వచ్చినవి. వ్యాధి మొదట వ్యాపించినది వీరిలోనే. 2021 సెప్టెంబరులో వీరికై సుమారు 70 కోట్ల డాలర్లు ప్రకటించిరి. ఒక్కొక్కరికి 600 డాలర్లు, ఒక్కమాఱు. పందిగలవాని హద్దు రెండున్నర లక్షలు. ఈ రెండంకెలను ప్రక్కప్రక్కన వ్రాసి విడిచిపెట్టుచున్నాము.

మఱి పుచ్చుకొన్నవారైనను అందఱు అర్హులేనా? తానే ధ్రువపఱచుకొను పద్ధతికి వెల యుండకపోదు. 2022లో ఆ దేశపు ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయము నివేదిక నిచ్చుచు, శాఖవారు చెల్లింపులను మఱింత గట్టిగా పరీక్షింపవలసియుండెనని తెలిపినది. అంతకుముందు రెండేండ్లలో చైనాతో జరిగిన వాణిజ్యయుద్ధమునకు పరిహారముగా 2018లో 1,200 కోట్లు, 2019లో 1,600 కోట్లు ప్రకటించియుండిరి. దానిపై మహమ్మారి ధనము చేరుటచే, 2020లో రైతులకు ప్రభుత్వము నేరుగా చెల్లించినది నాలుగువేల ఐదువందల కోట్ల డాలర్లకు మించి, అప్పటివఱకెన్నడు నెఱుగని మొత్తమాయెను. ఆ యేటి రైతుల నికరాదాయములో మూడవవంతునకు పైగా ఖజానానుండి వచ్చినదే. ఆపద్ధర్మముగా మొదలైనది అలవాటుగా మాఱుచున్నదేమోయని అచ్చటి అర్థశాస్త్రజ్ఞులే శంకించుచున్నారు.

ఇంక మనవైపు ఒకమాఱు చూడక తప్పదు. తెలుగుదేశపు కోళ్లఫారములలో అదే పెంపకపుటొడంబడిక నడచుచున్నది: పిల్లలు కంపెనీవి, షెడ్డు రైతుది, కిలోకింత పెంపకపు కూలి. 2020 ఫిబ్రవరి, మార్చి నెలలలో కోడిమాంసము తిన్నచో కరోనా వచ్చునను పుకారు పుట్టి ధర నేలకూలినప్పుడు ఇచ్చటి షెడ్లును ఖాళీపడినవి. పైరుపొలముల సంగతియు అట్టిదే. 2018లో తెలంగాణ ప్రభుత్వము ఎకరమునకు పంటకు 4,000 రూపాయల చొప్పున రైతుబంధు నారంభించినప్పుడు ఆ ధనము పట్టాదారు పాసుపుస్తకము ననుసరించి పోయెను, కౌలుదారునకు లేదు. 2019లో కేంద్రప్రభుత్వము ఏడాదికి 6,000 రూపాయల పథకము పెట్టినప్పుడును భూమిగల కుటుంబమే రైతుకుటుంబము. 2020 ఏప్రిలులో మహమ్మారి సాహాయ్యముగా ముందుగా విడుదలచేసిన 2,000 రూపాయలును ఆ కుటుంబములకే. 2019లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము తన రైతుభరోసాలో కొన్ని కులముల, వర్గముల కౌలుదార్లను చేర్చినది. అదియు గుర్తింపుకార్డు గలవారినే. కౌలుపత్రము వ్రాసియిచ్చినచో రేపు భూమి తనది కాకపోవునేమోయని భూస్వామి జంకును. పత్రము లేక కౌలుదారు ఏ పట్టికలోను ఎక్కడు. ఆ జంకు మనలో పలువురకు స్వానుభవమే యగుటచే దానిని కొట్టివేయజాలము. కాని వానలు చెడినయేట, ధర పడినయేట, పెట్టుబడి పెట్టినవాడొకడును, ప్రభుత్వధనము బ్యాంకులో పడినవాడు వేఱొకడును అయినప్పుడు, ఆ ధనములో కొంతయైన కౌలులో తగ్గించి యిచ్చినవారెందఱో మన గ్రామములలో వ్రేళ్లపై లెక్కింపవచ్చును. ఈ లెక్కకు అమెరికా పోనక్కఱలేదు.

డూప్లిన్ పెంపకందార్లకు ఇంకొక సంగతి తెలిసినది, న్యాయస్థానములలో. పందుల పెంటచెఱువుల దుర్వాసనపై ఇరుగుపొరుగువారు, వారిలో పెక్కురు నల్లవారు, స్మిత్‌ఫీల్డు సంస్థపై వేసిన దావాలలో 2018 నుండి జూరీలు వరుసగా కంపెనీయే బాధ్యురాలని తీర్పు చెప్పినవి. 2020 నవంబరులో పై న్యాయస్థానము కంపెనీ బాధ్యతను స్థిరపఱచగా, ఆ సంస్థ రాజీకి వచ్చెను. కొట్టము ఎవ్వరిదైనను, పంది యెవ్వరిదో, దానిని పెంచవలసిన తీరు నిర్ణయించునది యెవ్వరో జూరీవారికి స్పష్టముగనే కానవచ్చినది. దావాలో ప్రతివాది కంపెనీ. అప్పుపత్రములో సంతకము రైతుది. సాహాయ్యపు పట్టికలో పేరు పంది యజమానిది.

ఆ పట్టిక వ్రాయు తీరు పెద్దగా మాఱలేదు. 2024 డిసెంబరులో కాంగ్రెసు మఱియొక వేయికోట్ల డాలర్లను రైతులకు ఆర్థికసాహాయ్యముగా మంజూరు చేయగా, 2025 మార్చిలో వ్యవసాయశాఖవారు ధరలు ప్రకటించిరి: మొక్కజొన్న యెకరమునకు 42 డాలర్ల 91 సెంట్లు, సోయాచిక్కుడు ఎకరమునకు 29 డాలర్ల 76 సెంట్లు, ఇట్లే గోధుమ, ప్రత్తి, వరి మొదలగునవి. ఎకరములెక్కువగలవానికి ఎక్కువ. ఆ పట్టికలో పందియు లేదు, కోడియు లేదు, వానిని పెంచు డూప్లిన్ రైతును లేడు.